కుంపటి ఎప్పుడు రాజెయ్యాలి?

దసరా వెళ్ళి పట్టుమని పదిరోజులు కాకముందే మా ఇంట్లో ఏటా ఒక పంచాయితీ మొదలవుతుంది. అటక మీద అట్టపెట్టెలో నిద్రపోతున్న రూమ్ హీటర్ని ఎప్పుడు కిందికి దించాలి అన్నదే తగాదా. ఒకవైపు నేను, రెండో వైపు మావారు. "నవంబరు పదిహేను దాటనీ" అంటారాయన, అదేదో గెజిట్లో అచ్చయిన తేదీలాగా. రెండువేల వాట్ల హీటరు గంటకు రెండు యూనిట్లు మింగుతుందన్న లెక్క ఆయనకు కంఠతా వచ్చు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి చన్నీళ్ళలో చెయ్యి పెట్టేది నేను. ఏడింటికి, ఎండ కిటికీలోకి వచ్చాక, కప్పుకున్న దుప్పటితో సహా లేచి వచ్చి కాఫీ అడిగేది ఆయన. అలాంటప్పుడు చలికాలం ఇద్దరికీ ఒకే రోజున ఎలా మొదలవుతుంది? మీరే చెప్పండి.

విజయవాడలోనో, రాజమండ్రిలోనో ఉండే అక్కయ్యలకు ఈ పేచీ వింతగా ఉంటుందేమో. అక్కడ చలికాలమంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే కదా! మేముండేది జైనూరులో. ఉట్నూరు నుంచి ఆసిఫాబాదు వెళ్ళే దారిలో, కెరమెరి ఘాటు దిగకముందు, కొండల మధ్య ఉన్న ఊరు. మొన్నమొన్నటిదాకా ఆదిలాబాదు జిల్లా. 2016 నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. తెలంగాణలో చలి ముదిరిందని పత్రికల్లో వార్త పడిందంటే మా పక్కనున్న సిర్పూరు (యు) పేరో, తిర్యాణి పేరో అందులో ఉండి తీరుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు అయిదారు డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సముద్రం మాకు చాలా దూరం. మబ్బులు వెళ్ళిపోయి ఆకాశం తేటపడ్డాక, నేల పగలంతా దాచుకున్న వేడిని రాత్రి పైకి వదిలేస్తుంది. దాన్ని ఆపడానికి పైన మేఘమనే దుప్పటి ఉండదు. అసలే ఎత్తు ప్రదేశం. దానికి తోడు ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపానికి, ఏ తగాదా వచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు అలవాటయింది. మనకంటే ముందువాళ్ళు చలికాలపు నిప్పును ఎప్పుడు రాజేసుకున్నారు? ఆ మాట ఎవరు చెప్పేవారు? ఇల్లాలా, యజమానా, పంచాంగమా? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే చాలా దూరమే వెళ్ళాల్సివచ్చింది.

మొట్టమొదట మా పుట్టింటి వైపుకే వెళ్ళాను. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల ఉంది. తొలి శాతవాహనుల నాణేలు దొరికిన చోటు. ఆ వంశపు రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతిలో ఏడువందల చిన్నిచిన్ని ప్రాకృత పద్యాలున్నాయి. రాజుల గొడవ తక్కువ, పల్లెటూళ్ళ సంసారాల గొడవ ఎక్కువ. అందులో ఒక రైతు మాఘమాసంలో తన దుప్పటి ఇచ్చేసి ఎద్దును కొనుక్కుంటాడు. మాకులు సైతం వణికే మాఘంలో దుప్పటి అమ్ముకోవడమేమిటయ్యా అంటే, ఇంట్లో ఇల్లాలుంది, ఆమె కౌగిలే పొగలేని ఊకనిప్పు అని అతని ధీమా! కవి రసికుడే, కాదనను. మా కాలేజీలో ఇలాంటివి చెప్పేటప్పుడు మాస్టారు గొంతు సవరించుకునేవారు. అయితే ఇప్పుడు నలభై దాటాక నాకు వచ్చే సందేహం వేరు. ఆ రాత్రి ఆ ఇల్లాలికి కుంపటి ఎవరు? ఆ దుప్పటి ఇద్దరిదీ కదా! అమ్మేముందు ఆమెను ఒక్కమాట అడిగాడా? పైగా ఎద్దు వచ్చింది కనక దానికి మేత వెయ్యడం, పేడ ఎత్తడం ఆమె వంతే అయి ఉంటాయి.

తర్వాత నిఘంటువు చూశాను. అమరసింహుడు కుంపటికి నాలుగు పేర్లు చెప్పాడు. అంగారధానిక, అంగారశకటి, హసంతి, హసని. మొదటి రెండూ సరే, నిప్పుకణికలు ఉంచేది, నిప్పుకణికల బండి. చివరి రెండు చూసి ఆగిపోయాను. హసంతి అంటే నవ్వుతున్నది! చీకటి గదిలో మూల కూర్చుని ఎర్రగా నవ్వేదాన్ని కుంపటి అనుకున్న ఆ పాతకాలపు మనిషెవరో గానీ, తప్పకుండా చలిలో దాని ముందు కూర్చున్నవాడే.

మరి మనం తెలుగులో దాన్ని ఏం చేశాం? "గుండెల మీద కుంపటి" అన్నాం. ఎవరిని? పెళ్ళి కావలసిన ఆడపిల్లని. "వేరు కుంపటి" అన్నాం. దానికి నిందపడేది ఎవరి మీద? కొత్తగా వచ్చిన కోడలి మీద. మా అమ్మకు ఇద్దరం ఆడపిల్లలమే. మా ఇంటికి వచ్చిన చుట్టాలావిడ ఒకామె మమ్మల్ని చూసి "రెండు కుంపట్లు" అని నిట్టూర్చడం నాకిప్పటికీ గుర్తు. అప్పుడు నాకు ఆరేడేళ్ళు. ఆ మాటకు నేను సంతోషించాను! ఎందుకంటే మా అమ్మమ్మ ఇంట్లో కుంపటి కంటే ఇష్టమైన వస్తువు ఇంకోటి లేదు నాకు.

అది మట్టి కుంపటి. పైన గిన్నె నిలబడడానికి మూడు గుబ్బలు. చలికాలం పొద్దుగూకగానే అమ్మమ్మ బొగ్గులు పోసి విసనకర్రతో విసురుతుంటే, మేము బొంతలు చుట్టుకుని చుట్టూ చేరేవాళ్ళం. ఆ బొంతలు కూడా అమ్మమ్మ పాత చీరలే. ఆమె పెళ్ళినాటి చీర అంచు నా కాళ్ళ దగ్గరికి వచ్చేది. ఇంట్లో గొంగడి ఒక్కటే ఉండేది. అది తాతయ్యది. కురుమలు నేసిన నల్లగొంగడి, పొలం కావలికి వెళ్ళినప్పుడు కప్పుకునేది. ఆడవాళ్ళకు గొంగడి ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. చలి ఎక్కువైతే కొంగు ఇంకోచుట్టు చుట్టుకునేవారు.

కుంపటి ఎప్పుడు రాజెయ్యాలన్నదానికి అమ్మమ్మ దగ్గర ఒక పంచాంగముంది. మేము కార్తీకంలోనే గోల పెట్టేవాళ్ళం. "ఇప్పుడే కుంపటి వెడితే పుష్యంల ఏం జేస్తరే? ఒళ్ళు మరిగితే చలి ఇంకింత ఎక్కువైతది" అనేది. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. కాముని పున్నం మంటతో చలిమంటల ఏడాది ముగుస్తుంది. ఇదీ ఆమె లెక్క. ఆ లెక్క వెనక ఇంకో లెక్క ఉండేదని పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఇంటి వెనక కట్టెల మోపులు ఎన్ని, గంపలో బొగ్గులు ఎన్ని, అవి ఎన్నాళ్ళు వస్తాయి అన్నది. నిజానికి కుంపటి ముహూర్తం పెట్టేది నెల కాదు, కట్టె.

ఈ మాట జైనూరు వచ్చాక నాకు ఇంకా బాగా బోధపడింది. చుట్టూ టేకు, నల్లమద్ది, తుమిక, ఇప్ప. ఇంత అడవి మధ్య ఉన్నవాళ్ళకు కట్టెకు కరువేమిటి అనుకుంటాం. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో నిజాం ప్రభుత్వం ఈ అడవులకు హద్దులు గీసి రిజర్వు చేసింది. హద్దు లోపల పడ్డ గూడేలు ఖాళీ చెయ్యాల్సివచ్చింది. తాతల నాటి పోడు నేరమైంది. నాగలికి కర్ర కొట్టుకున్నా, పొయ్యిలోకి కట్టె తెచ్చుకున్నా జంగలాత్ జవాన్లకు చెయ్యి తడపాల్సిన రోజులవి. అడవి కళ్ళెదుటే ఉంది, పొయ్యి ఇంట్లోనే ఉంది, మధ్యలో మాత్రం ఒక జవాను నిలబడ్డాడు.

ఆ అన్యాయం మీదే కదా కుమురం భీం తిరగబడింది! జల్, జంగల్, జమీన్ - నీళ్ళు, అడవి, భూమి - మావి అన్నాడు. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో ఆయన వర్ధంతి జరుపుతారు. మేము ఒకసారి వెళ్ళాం. తిరిగివచ్చేటప్పటికి వెన్నెల పుచ్చపువ్వులా ఉంది, గాలిలో తొలిచలి ఉంది. జల్, జంగల్, జమీన్ అంటే అప్పటిదాకా నాకు ఊరేగింపులో నినాదం. ఆ రాత్రి దారి పక్క గూడెంలో ఒక గుడిసె ముందు చిన్న మంట, దాని చుట్టూ పిల్లలు కనిపించారు. జంగల్ అంటే ఇది కూడా అనుకున్నాను. రాత్రిపూట పిల్లల్ని వెచ్చగా ఉంచుకునే హక్కు.

భీం పోరాటం తర్వాత, ఈ గిరిజనుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఒక శాస్త్రవేత్తను పంపింది. ఆయనే హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టినవాడు. ఇళ్ళలో నిలువెత్తు పింగాణీ పలకల పొయ్యిలు కట్టుకునే దేశం నుంచి వచ్చి, మా జైనూరు పక్కనే ఉన్న మార్లవాయిలో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి గోండుల మధ్య గుడిసెలో కాపురం పెట్టాడు. గోండి భాషలోనే చదువు మొదలుపెట్టడానికి 1943లో అక్కడే ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. ఆదిలాబాదు రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది.  ఆ మార్లవాయి చలికాలాల్లో పక్కన కూర్చుని పనిలో పాలుపంచుకున్న బెట్టీని ఊరు మరిచిపోలేదు. 1987 జనవరి 11న ఆమె హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అవశేషాలను కూడా 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న, చలి ఎముకలు కొరికే రోజుల్లో, ఊరంతా ఆ సమాధుల దగ్గర చేరుతుంది.

గోండుల చలికాలం దీపావళికి ముందే, దండారీతో మొదలవుతుంది. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి చుట్టంగా వెళ్ళి ఆడిపాడుతుంది. నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటినిండా బూడిద పూసుకున్న గుస్సాడీలు ఆ రాత్రుల్లో ఆడుతుంటే, శాలువా కప్పుకున్న నాకే సిగ్గనిపించింది. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ మార్లవాయే. 2024 అక్టోబరు 25న, దీపావళికి ఇంకా వారం కూడా లేదనగా, ఆయన కన్నుమూశాడు. తాను నేర్పినవాళ్ళు ఆడే రాత్రులకు కొద్దిగా ముందు.

ఇక మళ్ళీ ఇంట్లోకి వస్తాను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఒక చిన్న విషయం గమనించాడు. జడివాన రోజుల్లో విష్ణుచిత్తుడి ఇల్లాలు, పొగ కళ్ళలో సొరకుండా కొబ్బరి చిప్పలు మండించి అతిథులకు వంట చేస్తుంది. యుద్ధాలు చేసిన చక్రవర్తికి వంటింట్లో ఆడమనిషి కళ్ళు మండుతాయని తెలుసు! అది పదహారో శతాబ్దం. ఆ తర్వాత అయిదువందల ఏళ్ళు మన అమ్మలూ, అమ్మమ్మలూ ఆ పొగలోనే కళ్ళు నలుపుకున్నారు. ఇంటి పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల చాలా ఇళ్ళకు గ్యాసు తెచ్చాయి. మంచిదే, చాలా మంచిది. ఎవరైనా ఆ పొగపొయ్యిని పొగుడుతూ కవిత రాస్తే, ముందు ఆయన్ని రెండు రోజులు దాని ముందు కూర్చోబెట్టాలంటాను.

కానీ ఒక సంగతి గమనించారా? కట్టెలపొయ్యి వంటా చేసేది, ఇంటినీ వెచ్చబెట్టేది. వంటయ్యాక కూడా దాని ఒళ్ళో నిప్పు ఉండేది. పిల్లి ముందు వెళ్ళి పడుకునేది, తర్వాత పిల్లలు, తర్వాత ముసలివాళ్ళు చేరేవారు. గ్యాసుపొయ్యి వంట చేస్తుంది, నాబు తిప్పగానే చేతులు దులుపుకుని వెళ్ళిపోతుంది. వెచ్చదనం వంటనుంచి వేరు కుంపటి పెట్టింది. అందుకే హీటరు ఎప్పుడు దించాలి అన్న తగాదా మా అమ్మమ్మకు లేదు, నాకు ఉంది.

ఈ తేడా తెలియక నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ నాలుక తడబడుతుంది. ఎనిమిదేళ్ళ క్రితం, ఈ ఊరు వచ్చిన తొలి చలికాలం. ఆ రాత్రి కరెంటు పోయింది. హీటరు మూగబోయింది. మా పాపకప్పుడు ఆరేళ్ళు, జలుబుతో ముక్కులు బిగుసుకుపోయి ఏడుస్తోంది. నాకు అమ్మమ్మ కుంపటి గుర్తుకొచ్చింది. ఇనప కుంపటిలో బొగ్గులు రాజేసి, పొగంతా బయటే పోనిచ్చి, ఎర్రగా నవ్వుతున్న హసంతిని తెచ్చి పడకగదిలో పెట్టాను. వెచ్చదనం పోకూడదని కిటికీలు బిగించి, తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. గది హాయిగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

పాలు పోసే అవ్వ తలుపు దబదబా బాదుతుంటే మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. లేస్తే కాళ్ళు నావి కానట్టు తేలిపోతున్నాయి. గోడ పట్టుకుని ఎలాగో వెళ్ళి గడియ తీశాను. నా వాలకం చూసి అవ్వ సరాసరి లోపలికి వచ్చింది. కుంపటి చూసింది. పాపను రెండు చేతులా ఎత్తుకుని ఆ మంచులోకి పరుగెత్తింది. పాప అరుగు మీద వాంతి చేసుకుని, కాసేపటికి "అమ్మా" అంది. ఆ పిలుపు విన్న తర్వాత గానీ నా గుండె మళ్ళీ కొట్టుకోలేదు. మావారిని లేపడానికి ఇంకా అయిదు నిమిషాలు పట్టింది.

బొగ్గు సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపిస్తే మనం దగ్గుతాం, తలుపు తీస్తాం. పొగ లేని నిప్పే ప్రమాదం. మరి అమ్మమ్మ ఇంట్లో ఏమీ కాలేదే అంటారా? అది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి చుక్కలు కనిపించేవి. మాది స్లాబు వేసిన ఇల్లు, పైగా సందుల్లో చీరలు కుక్కిన ఘనత నాది. చరిత్ర చదివాను గానీ ఇల్లు మారిందన్న సంగతి మరిచాను.

ఆ రోజు అవ్వ తిట్టిన తిట్లన్నీ రాయలేను. ఒక్కటి మాత్రం రాస్తాను. "నిప్పుకు సుత ఊపిరి గావాలె బిడ్డా! తలుపులు బిగిస్తే అది మీ ఊపిరి గుంజుకుంటది. గింత సదువుకున్నరు, గిది ఎర్కలేదా?"

ఎర్కలేదు అవ్వా, ఎర్కలేదు.

కొన్నాళ్ళకు ధైర్యం చేసి అడిగాను. "మీ ఇంట్లో చలిమంట ఎప్పుడు మొదలుపెడతారు అవ్వా? నెల చూసా?" అవ్వ నన్ను వింతగా చూసింది. "నెలేంది? ఇంట్ల చిన్నదో ముసల్దో రాత్రి నిద్ర వట్టక మసులుతది గద. గన్నాడు వెడ్తం."

రెండువేల ఏళ్ళ చరిత్రలో నాకు దొరకని జవాబు ఆ పాలచెంబు పక్కన దొరికింది. హాలుడి రైతు తన ఒంటి వెచ్చదనాన్ని బట్టి దుప్పటి అమ్మేశాడు. నిజాం జంగలాత్ తన హద్దును బట్టి కట్టె ఆపేసింది. అంతెందుకు, చైనాలో చూడండి. 1950ల నుంచీ హువై నదికి ఉత్తరాన ఉన్న నగరాల్లో ప్రభుత్వమే ఇళ్ళను వెచ్చబెడుతుంది. బీజింగులో నవంబరు 15న మొదలై మార్చి 15న ఆపేస్తారు. ఈ సంగతి ఎక్కడో చదివి నేను పొరపాటున మావారికి చెప్పాను. "చూశావా, నేను చెప్పిన తేదీయే!" అని ఆయన ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగారు. నదికి దక్షిణాన చలి లేదా, నవంబరు పద్నాలుగున ముసలివాళ్ళు వణకరా అంటే మాత్రం జవాబు లేదు. తేదీలన్నీ వెచ్చగా ఉన్నవాళ్ళే పెట్టారు. అవ్వ లెక్కలో మాత్రం ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి పంచాంగం.

ఈ ఏడు ఆశ్వయుజ పౌర్ణమి వెళ్ళిన మూడో రాత్రి అత్తమ్మ మూడుసార్లు లేచింది. మూడోసారి లేచి మంచం మీద కాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చుంది. "ఏమైంది అత్తమ్మా?" అంటే "ఏం లేదు, నిద్ర రాలేదు" అంది. కరెంటు బిల్లు కొడుక్కి బరువవుతుందని ఆవిడ భయం. మన ముందుతరం ఆడవాళ్ళకు చలి వేస్తోందని చెప్పడం కూడా ఒక కోరిక కోరడమే.

తెల్లారాక నేను స్టూలు వేసుకుని అటకెక్కాను. పధ్నాలుగేళ్ళ మా పాప కింద నిలబడి స్టూలు పట్టుకుంది. హీటరు దుమ్ము తుడిచి అత్తమ్మ గదిలో, మంచానికి మూడడుగుల దూరంలో పెట్టాను. కరెంటు హీటరుకు ఊపిరి అక్కర్లేదని నాకు తెలుసు. అయినా కిటికీ రెక్క బెత్తెడు తెరిచే ఉంచాను. ఆ అలవాటు ఇక ఈ జన్మకు పోదు.

మావారు దుప్పటితో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. క్యాలెండరు వంక చూశారు. "ఇంకా అక్టోబరే కదా..." అని మొదలుపెట్టారు.

"రాత్రి అత్తమ్మ మూడుసార్లు లేచింది" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. కాఫీ కలుపుకుని వచ్చేసరికి అత్తమ్మ కాళ్ళు చాపుకుని కునుకు తీస్తోంది. హీటరుకు అందరికంటే దగ్గరగా కుర్చీ లాక్కుని, చేతులు కాచుకుంటూ పేపరు చదువుతున్నది ఎవరో, వేరే చెప్పాలా?